కాటాకు సీరియల్, రిలేలకు ప్యారలల్: పోర్టులతో మాట్లాడే ప్రోగ్రామ్ రాయడం ఎలా

మీ ప్రశ్నలో మూడు సమస్యలున్నాయి. ఎలక్ట్రానిక్ కాటా నుంచి సీరియల్ పోర్టు (బిట్లను ఒకదాని వెంట ఒకటి పంపే పోర్టు) మీద బరువు చదువుతుంటే ఒక్కోసారి సగం అంకెలే వస్తున్నాయి. ఒక్కోసారి అంకెల మధ్య పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ప్యారలల్ పోర్టుకు (ఎనిమిది బిట్లను ఒకేసారి పంపే పోర్టు) తగిలించిన రిలే బోర్డుకు (కరెంటుతో నడిచే స్విచ్‌ల బోర్డు) విలువ రాయగానే విండోస్ మీ ప్రోగ్రామ్‌ను మూసేస్తోంది. మూడింటినీ ఒకే బగ్ అనుకుని వెతకొద్దు, మూడింటి కారణాలూ వేరు. కాటా విషయంలో చూడాల్సిన అంతస్తులు మూడు: ముందు తీగల్లో వోల్టేజీ, తర్వాత రెండు వైపులా పోర్టు సెట్టింగులు, ఆ తర్వాత వచ్చిన బైట్లను మీ కోడ్ సందేశంగా కూర్చుకునే పద్ధతి. ఈ వరుసలో కింది నుంచి పైకి చూసుకుంటూ రండి. కోడ్‌తో మొదలుపెడితే కేబుల్‌లో ఉన్న తప్పును కోడ్‌లో వెతకాల్సి వస్తుంది.

కేబుల్, వోల్టేజీ

ఆర్‌ఎస్-232లో (సీరియల్ పోర్టు తీగల వోల్టేజీలను నిర్ణయించే ప్రమాణం) 1 అంటే రుణ వోల్టేజీ, 0 అంటే ధన వోల్టేజీ. పంపే వైపు ఇది 5 నుంచి 15 వోల్టుల మధ్య ఉండాలి, అందుకునే వైపుకు 3 వోల్టులు దాటితే చాలు. ఏమీ పంపనప్పుడు పంపే లైను రుణ వోల్టేజీ దగ్గరే నిలబడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మామూలు మల్టీమీటర్‌తోనే సగం అనుమానాలు తీర్చుకోవచ్చు. కేబుల్ తీసేసి, రెండు పరికరాలూ ఆన్ చేసి, 9 పిన్ల కనెక్టర్‌లో నల్ల ప్రోబ్‌ను 5వ పిన్ (గ్రౌండ్) మీద పెట్టండి. ఎర్ర ప్రోబ్‌ను ముందు 2 మీద, తర్వాత 3 మీద పెట్టి చూడండి. మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య ఏ పిన్ మీద కనబడితే ఆ పరికరం పంపేది దాని మీదే. అదే పనిగా బరువు పంపుతూ ఉండే కాటా అయితే ఆ అంకె కాస్త అటూ ఇటూ ఊగుతుంది, కంగారు పడొద్దు.

కంప్యూటర్ వైపు పంపే పిన్ 3వది. కాటా వైపు 2వ పిన్ అయితే నేరుగా వెళ్లే కేబుల్ సరిపోతుంది. కాటా వైపు కూడా 3వ పిన్ అయితే 2, 3 అడ్డంగా మారిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. 5కు 5 రెండు రకాల్లోనూ కలవాల్సిందే. కనెక్టర్ ఆడదా మగదా అన్నది చూసి నిర్ణయించకండి, తయారీదారులు దాన్ని నమ్మకంగా పాటించరు.

ఏ పిన్ మీదా రుణ వోల్టేజీ లేకుండా, ఒకదాని మీద 3.3 లేదా 5 వోల్టులు నిలకడగా కనిపిస్తే అది ఆర్‌ఎస్-232 కాదు, టీటీఎల్ స్థాయి. మైక్రోకంట్రోలర్ కాళ్ల నుంచి నేరుగా వచ్చేది ఇలాగే ఉంటుంది. దాన్ని కంప్యూటర్ 9 పిన్ల పోర్టుకు కలిపితే, పోర్టు నుంచి వచ్చే రుణ వోల్టేజీ ఆ చిప్ కాలును కాల్చేయగలదు. మధ్యలో మాక్స్3232 లాంటి స్థాయి మార్పిడి చిప్ పెట్టాలి. 3.3 వోల్టుల సరఫరాకు దాని చుట్టూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు, సరఫరాకు అడ్డంగా మరొకటి చాలు. అసలైన పాత మాక్స్232కు మాత్రం 1 మైక్రోఫారడ్‌వి కావాలి. పాత చిప్‌కు చిన్న కెపాసిటర్లు పెడితే రుణ వోల్టేజీ పూర్తిగా తయారవ్వదు. టేబుల్ మీద పొట్టి కేబుల్‌తో పనిచేసి, పొడుగు కేబుల్ పెట్టగానే మొరాయించే పరికరాల్లో నేను ముందు చూసేది ఇదే. ఆర్‌ఎస్-232కు 15 మీటర్లు పాత కొండగుర్తు. అంతకు మించి వెళ్లాలన్నా, మోటార్ల పక్కనుంచి తీగ లాగాలన్నా ఆర్‌ఎస్-485కు (దూరాలకు, శబ్దానికి తట్టుకునే మరో సీరియల్ ప్రమాణం) మారండి.

మిగతా పిన్లు 'సిద్ధంగా ఉన్నాను', 'పంపొచ్చు' లాంటి సంకేతాలవి: 7 ఆర్‌టీఎస్, 8 సీటీఎస్, 4 డీటీఆర్, 6 డీఎస్‌ఆర్, 1 డీసీడీ, 9 రింగ్. మీ కాటాకు బహుశా 2, 3, 5 తప్ప వేరేవి అక్కర్లేదు. అలాంటప్పుడు ప్రోగ్రామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (ఈ సంకేతాల తీగలతో 'ఆగు', 'పంపు' అని చెప్పుకునే పద్ధతి) ఆపేయాలి. అది ఆన్‌లో ఉండి సీటీఎస్ తీగ లేకపోతే రాత ఫంక్షన్ కదలకుండా కూర్చుంటుంది, చదవడం మాత్రం మామూలుగా జరుగుతుంది. "వస్తోంది కానీ పోవడం లేదు" అని ఎవరైనా అంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి.

కాటాను పక్కనపెట్టి, కంప్యూటర్ కనెక్టర్‌లో 2, 3 పిన్లను చిన్న తీగ ముక్కతో కలిపి, పంపిందే తిరిగి వస్తోందో లేదో చూడండి. పోర్టు, డ్రైవర్, మీ కోడ్ తెరిచే పద్ధతి బాగున్నాయని దీంతో తేలుతుంది. కానీ బాడ్ రేటు (సెకనుకు పంపే బిట్ల సంఖ్య) తప్పైనా, పారిటీ (ఒకట్ల సంఖ్యను సరిచూసే అదనపు బిట్) తప్పైనా ఈ పరీక్ష పాసవుతుంది, ఎందుకంటే పంపేదీ అందుకునేదీ ఒకే చిప్, ఒకే గడియారం.

పిచ్చి అక్షరాలు ఎక్కడి నుంచి

మీరు పెట్టిన నమూనాలో 0, 3, 5, 6, 9 సరిగ్గా వచ్చి 1, 2, 4, 7, 8 చోట మాత్రం చెత్త వచ్చింది. ఇది శబ్దం కాదు, బాడ్ రేటు తప్పూ కాదు. కాటా 7 డేటా బిట్లు, సరి పారిటీ, 1 స్టాప్ బిట్‌తో పంపుతుంటే మీరు 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నారు. లెక్క చూడండి. '1' అక్షరం హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 31, అంటే బిట్లలో 0110001. అందులో ఒకట్లు మూడు. సరి సంఖ్య చేయడానికి కాటా పారిటీ బిట్‌ను 1 చేస్తుంది, ఆ బిట్ మీకు ఎనిమిదో డేటా బిట్‌గా కనబడి 31 కాస్తా బి1 అవుతుంది. '3' అంటే 33, ఒకట్లు నాలుగు, పారిటీ బిట్ 0, కాబట్టి ఏమీ మారదు. రెండు పద్ధతుల్లోనూ స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక అక్షరానికి 10 బిట్లే. అందుకే ఫ్రేమింగ్ ఎర్రర్ (స్టాప్ బిట్ ఉండాల్సిన చోట కనబడకపోవడం) కూడా రాదు, డ్రైవర్ ఏమీ ఫిర్యాదు చేయదు. పోర్టును 7 బిట్లు, సరి పారిటీకి మార్చండి. పై బిట్‌ను కోడ్‌లో కోసేసినా అంకెలు సరిగ్గా కనిపిస్తాయి. కానీ అలా చేస్తే పారిటీ తనిఖీని పారేసుకున్నట్టే, అందుకే నేను దాన్ని ఒప్పుకోను.

బాడ్ రేటు తప్పైతే లక్షణాలు వేరు. మీరు పెట్టిన వేగం అసలు కన్నా ఎక్కువైతే పంపినదాని కన్నా ఎక్కువ బైట్లు వస్తాయి, తక్కువైతే తక్కువ వస్తాయి. ఫ్రేమింగ్ ఎర్రర్లు కూడా పోగవుతాయి. అందుకే చూసేటప్పుడు అక్షరాలుగా కాకుండా హెక్స్‌లో ముద్రించుకోండి, బైట్ల సంఖ్య కూడా లెక్కపెట్టండి.

వేగం సరిగ్గా పెట్టినా తేడా రావచ్చు. అందుకునే చిప్ స్టార్ట్ బిట్ అంచు నుంచి లెక్క మొదలుపెట్టి ప్రతి బిట్ నడిమధ్యలో చూస్తుంది. చివరి స్టాప్ బిట్‌ను చూసేది 9.5 బిట్ల కాలం దగ్గర. అక్కడికి చేరేలోపు అర బిట్ కన్నా ఎక్కువ జారితే పక్క బిట్‌ను చదివేస్తుంది. అంటే రెండు గడియారాల మధ్య తేడా సిద్ధాంతం ప్రకారం 5 శాతం దాకా తట్టుకున్నా, వాస్తవంలో 2 శాతం లోపే ఉంచుకోవాలి. పీసీ వైపు ఇబ్బంది లేదు. పాత 16550 సీరియల్ చిప్‌కు 1.8432 మెగాహెర్ట్జ్ గడియారం, దాన్ని 16తో భాగిస్తే సరిగ్గా 115200, ఇంకో 12తో భాగిస్తే 9600. కానీ 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న ఏవీఆర్ మైక్రోకంట్రోలర్‌తో 115200 అడిగితే మామూలు మోడ్‌లో వచ్చేది 111111, అంటే 3.5 శాతం తక్కువ. రెట్టింపు వేగపు మోడ్‌లో 117647, 2.1 శాతం ఎక్కువ. మీరే బోర్డు చేస్తుంటే క్రిస్టల్‌ను 14.7456 మెగాహెర్ట్జ్‌ది ఎంచుకోండి, లేదా 38400కు దిగండి.

పోర్టు తెరవడం

విండోస్‌లో క్రియేట్‌ఫైల్‌తో తెరుస్తారు. పంచుకునే మోడ్ సున్నా ఉండాలి, ఓపెన్ ఎగ్జిస్టింగ్ వాడాలి. పోర్టు సంఖ్య 10 లేదా అంతకన్నా ఎక్కువైతే ఉత్త పేరుతో తెరుచుకోదు, \\.\కామ్10 అన్న రూపం కావాలి. ఈ రూపం 1 నుంచి 9 వరకూ కూడా పనిచేస్తుంది కాబట్టి ఎప్పుడూ ఇదే వాడండి. సీ భాషలో రాస్తే ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుసార్లు రాయాలన్నది మరవొద్దు. తర్వాత గెట్‌కామ్‌స్టేట్‌తో డీసీబీని (పోర్టు సెట్టింగులుండే స్ట్రక్చర్‌ను) తెచ్చుకుని, అందులో మీకు కావాల్సినవన్నీ, అంటే బాడ్, బిట్లు, పారిటీ, స్టాప్, సీటీఎస్ ఫ్లో, ఎక్సాన్ ఎక్సాఫ్ (తీగలతో కాకుండా బైట్లతో నడిచే ఫ్లో కంట్రోల్), డీటీఆర్, ఆర్‌టీఎస్, స్వయంగా నింపి సెట్‌కామ్‌స్టేట్ పిలవండి. కొన్ని మాత్రమే నింపి మిగతావి వదిలేస్తే అంతకుముందు ఆ పోర్టు వాడిన ప్రోగ్రామ్ పెట్టిన విలువలు అలాగే ఉండిపోతాయి. "టెర్మినల్ ప్రోగ్రామ్ ఒకసారి తెరిచి మూస్తేనే నా ప్రోగ్రామ్ పనిచేస్తుంది" అన్న వింత ఇక్కడిదే.

లినక్స్‌లో టెర్మియాస్ (టెర్మినల్ సెట్టింగుల ఇంటర్‌ఫేస్) మీద పని. ఇక్కడ పెద్ద ఉచ్చు ఏమిటంటే, పోర్టు మొదట టెర్మినల్‌గా ప్రవర్తిస్తుంది. ఐసీఆర్‌ఎన్‌ఎల్ ఆన్‌లో ఉంటే లోపలికొచ్చే హెక్స్ 0డిని (క్యారేజ్ రిటర్న్) 0ఎగా (కొత్త లైను) మార్చేస్తుంది. ఓఎన్‌ఎల్‌సీఆర్ ఉంటే మీరు పంపే ప్రతి 0ఎ ముందు ఒక 0డి చేరుతుంది. ఐక్సాన్ ఉంటే హెక్స్ 11, 13 విలువలున్న బైట్లు మాయమవుతాయి. అక్షరాలు పంపినంతసేపూ అంతా బాగుండి, బైనరీ పంపగానే చెక్‌సమ్ (బైట్లు చెడలేదని సరిచూసే విలువ) తప్పడానికి ఇదే కారణం. సీఎఫ్‌మేక్‌రా పిలిస్తే చాలావరకు తీరిపోతుంది. అది 8 బిట్లు, పారిటీ లేకుండా పెట్టేస్తుంది కాబట్టి మీ కాటా కోసం 7 బిట్లు, సరి పారిటీ ఆ తర్వాతే పెట్టండి, ముందు పెడితే చెరిగిపోతాయి. సీలోకల్ (మోడెమ్ సంకేతాలను పట్టించుకోవద్దని), సీరీడ్ (అందుకోవడం) ఆన్ చేయండి, సీఆర్‌టీఎస్‌సీటీఎస్ (హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్) ఆపండి. తెరిచేటప్పుడు ఓ_నోసీటీటీవై (ఆ పోర్టు మీ ప్రోగ్రామ్‌ను నియంత్రించే టెర్మినల్ కాకుండా) తప్పనిసరి. టీసీసెట్‌ఆటర్ అడిగినవాటిలో ఏ ఒక్కటి కుదిరినా విజయమే చెబుతుంది కాబట్టి, పెట్టాక టీసీగెట్‌ఆటర్‌తో తిరిగి చదివి సరిచూసుకోవాలి. పర్మిషన్ డినైడ్ వస్తే రూట్‌గా నడపకండి. చాలా పంపిణీల్లో యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి.

పైథాన్‌లో పైసీరియల్ లైబ్రరీ ఈ చాకిరీ అంతా చేసిపెడుతుంది. బైట్‌సైజు 7, పారిటీ సరి, టైమౌట్ 0.2 అని ఇచ్చి తెరిస్తే చాలు. లినక్స్‌లో ఎక్స్‌క్లూజివ్ కూడా ట్రూ ఇవ్వండి. లేకపోతే రెండు ప్రోగ్రామ్‌లు ఒకే పోర్టును తెరిచి బైట్లను చెరి కొన్ని పంచుకుంటాయి. రెండింటికీ సగం సగం వస్తుంది, రెండింటిలోనూ బగ్ ఉన్నట్టు కనబడుతుంది.

సగం అంకెలు: అసలు పని ఇక్కడుంది

సీరియల్ పోర్టుకు సందేశం అన్న భావనే లేదు. దానికి తెలిసింది బైట్ల ప్రవాహం. మీ కాటా ఒక్కో కొలతకు 13 బైట్లు పంపుతోంది: ఎస్‌టీఎక్స్ అనే 02, గుర్తు ఒకటి, బరువు 7 అక్షరాలు, యూనిట్ 2 అక్షరాలు, చివర 0డి, 0ఎ. 9600 వేగంలో ఒక బైటుకు 1.04 మిల్లీసెకన్లు, కాబట్టి మొత్తం రావడానికి సుమారు 13.5 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో ఎప్పుడు రీడ్ పిలిచినా అప్పటికి చేరినవే చేతికొస్తాయి. ఒకసారి 5, తర్వాత 8. లేదా 13 వచ్చి, తర్వాతి కొలతలోని 2 కూడా కలిసి 15. ఒక రీడ్‌కు ఒక సందేశం అనుకుని రాసిన కోడ్ ఎక్కడో ఒకచోట తప్పక విరుగుతుంది. పైసీరియల్ రీడ్‌లైన్ వాడినా తప్పదు. టైమౌట్ అయితే అది అప్పటిదాకా వచ్చిన సగం లైనును ఎర్రర్ లేకుండా తిరిగిస్తుంది. చివర 0ఎ ఉందో లేదో మీరే చూడాలి. లేకపోతే ఆ ముక్కను దాచుకుని తర్వాత వచ్చినదానితో అతికించాలి.

స్లీప్ పెట్టి "అన్నీ వచ్చేదాకా ఆగుదాం" అనడం పరిష్కారం కాదు. వేరే కంప్యూటర్‌లో, లోడ్ ఎక్కువున్న రోజున మళ్లీ విరుగుతుంది. చేయాల్సింది ఇది. ఒక బఫర్ పెట్టుకోండి. రీడ్ ఎన్ని బైట్లిచ్చినా దాని చివర చేర్చండి. తర్వాత ఆ బఫర్‌లో 02 కోసం వెతకండి, దానికి ముందున్నదంతా పారేయండి. 02 నుంచి 13 బైట్లు ఇంకా లేకపోతే తిరిగి రీడ్‌కు వెళ్లండి. ఉంటే చివరి రెండూ 0డి, 0ఎ అవునో కాదో చూడండి. కాకపోతే ఆ ఒక్క 02ను మాత్రమే పారేసి, దాని తర్వాతి బైటు నుంచి మళ్లీ వెతకండి. పదమూడింటినీ పారేస్తే లోపల దాగిన అసలైన ఫ్రేము, అంటే పూర్తి సందేశం, కూడా పోతుంది. అన్నీ సరిపోతే బరువు భాగాన్ని తీసి, అందులో అంకెలు, చుక్క, ఖాళీలు తప్ప వేరేవి లేవని నిర్ధారించుకున్నాకే సంఖ్యగా మార్చండి. ప్రోగ్రామ్ తెరిచిన క్షణం సందేశం మధ్యలో పడినా, కేబుల్ కదిలి ఒక బైటు పోయినా, ఈ పద్ధతి తర్వాతి ఫ్రేము దగ్గర తనంతట తానే దారిలో పడుతుంది.

దీనికి తోడు ఇంకో తప్పు ఉంది, అది చాలామందికి కనబడదు. కాటా సెకనుకు 10 సార్లు పంపుతూ ఉంటే, మీ ప్రోగ్రామ్ బటన్ నొక్కినప్పుడే చదివితే, మధ్యలో వచ్చినవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లో నిల్వ ఉంటాయి. సెకనుకు 130 బైట్లు, బఫర్ 4096 బైట్లు అనుకుంటే, మీరు చదివే మొదటి బరువు 31 సెకన్ల నాటిది కావచ్చు. కాటా మీద కొత్త సరుకుంటుంది, తెర మీద పాత బరువుంటుంది. దీనికి ఒక ప్రత్యేక థ్రెడ్ ఆగకుండా చదువుతూ చివరి సరైన బరువును, అది వచ్చిన సమయంతో సహా ఉంచాలి. బటన్ నొక్కినప్పుడు ఆ సమయం అర సెకను కన్నా పాతదైతే బరువు చూపించకుండా "కాటా నుంచి సమాచారం లేదు" అని చెప్పాలి. తూకానికి డబ్బు ముడిపడి ఉంటుంది, పాత అంకె చూపించడం కన్నా ఏమీ చూపించకపోవడమే మేలు.

టైమౌట్ల విషయంలో విండోస్‌లో ఒక మంచి అమరిక ఉంది. రీడ్ ఇంటర్వల్ టైమౌట్, రీడ్ టోటల్ మల్టిప్లయర్ రెండింటికీ మాక్స్‌డీవర్డ్, టోటల్ కాన్‌స్టెంట్‌కు 200 ఇస్తే, బైట్లుంటే వెంటనే ఇస్తుంది, లేకపోతే 200 మిల్లీసెకన్ల దాకా మొదటి బైటు కోసం ఆగుతుంది. థ్రెడ్‌కు ఇదే కావాలి. లినక్స్‌లో విమిన్ 0, వీటైమ్ 2 దాదాపు ఇదే పని చేస్తుంది, వీటైమ్ లెక్క సెకనులో పదో వంతుల్లో. విమిన్ సున్నా కాకపోతే టైమర్ మొదటి బైటు వచ్చాకే మొదలవుతుంది, అసలేమీ రాకపోతే రీడ్ ఎప్పటికీ తిరిగి రాదు. ప్రోగ్రామ్ మూసేటప్పుడు వేలాడేది అందుకే.

కాటాకు చెక్‌సమ్ లేదు కాబట్టి పారిటీ, ఫ్రేము ఆకారంతోనే సరిపెట్టుకోవాలి. పరికరం కూడా మీదే అయితే పొడవు, సీఆర్‌సీ-16 (2 బైట్ల చెక్‌సమ్) పెట్టండి. ఆర్‌ఎస్-485 మీద మోడ్‌బస్ ఆర్‌టీయూకు (పరిశ్రమల్లో వాడే సీరియల్ ప్రోటోకాల్) వెళ్తే సీఆర్‌సీలో కింది బైటు ముందు పోతుంది, ఫ్రేముల మధ్య 3.5 అక్షరాల కాలం నిశ్శబ్దం ఉండాలి, 19200 దాటాక 1.75 మిల్లీసెకన్లు. పంపడం, అందుకోవడం ఒకే తీగల జత మీద వంతులవారీగా జరుగుతాయి కాబట్టి, రాసిన వెంటనే దిశ మార్చేస్తే చివరి బైటు తెగిపోతుంది. రాత ఫంక్షన్ తిరిగొచ్చిందంటే బఫర్‌లోకి చేరిందని మాత్రమే అర్థం, తీగ మీదకు పోయిందని కాదు. దిశను తనంతట తాను మార్చుకునే కన్వర్టర్ కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదు.

యూఎస్‌బీ కన్వర్టర్లు

యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చే కన్వర్టర్లలో వాడే ఎఫ్‌టీడీఐ చిప్‌లలో లేటెన్సీ టైమర్ అని ఒకటుంది, మామూలుగా 16 మిల్లీసెకన్లు. కొద్ది బైట్లే ఉంటే ఆ టైమర్ తీరేదాకా కంప్యూటర్‌కు పంపదు. ప్రశ్న, జవాబు పద్ధతిలో సెకనుకు 50 సార్లు అడగాల్సిన చోట ఇది గొంతు నొక్కుతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, లినక్స్‌లో సిస్‌ఎఫ్‌ఎస్‌లోని లేటెన్సీ_టైమర్ ఫైల్లో 1కి దించండి.

లినక్స్‌లో టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 పేర్లు తగిలించిన వరుసను బట్టి మారిపోతాయి. /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఉండే పేరుతో తెరవండి. కన్వర్టర్‌కు సీరియల్ నంబర్ లేకపోతే బై-పాత్ వాడాలి, అప్పుడు యూఎస్‌బీ సాకెట్ మార్చకూడదు. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ ఉన్న కన్వర్టర్ తగిలించగానే కనబడి మాయమైతే, అంధుల బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై సేవ దాన్ని పట్టుకున్నట్టు. బ్రెయిలీ పరికరం అవసరం లేని యంత్రంలో ఆ ప్యాకేజీ తీసేస్తే సరి. ఆర్డుయినో ఉనో లాంటి బోర్డు పోర్టు తెరిచిన ప్రతిసారీ రీసెట్ అవడం డీటీఆర్ వల్ల. తెరిచాక 2 సెకన్లు ఆగి, ఇన్‌పుట్ బఫర్ ఖాళీ చేసి మొదలుపెట్టండి.

ప్యారలల్ పోర్టు, రిలే బోర్డు

విండోస్ మూసేయడానికి కారణం సూటిగా చెబుతాను. మీ కోడ్ డాస్ కాలపు పద్ధతిలో హెక్స్ 378 చిరునామాకు నేరుగా ఔట్ ఇన్‌స్ట్రక్షన్‌తో రాస్తోంది. ఎన్‌టీ వంశపు విండోస్‌లో, అంటే విండోస్ ఎన్‌టీ, 2000 నుంచి నేటి దాకా, మామూలు ప్రోగ్రామ్‌కు ఆ హక్కు లేదు. ప్రివిలేజ్డ్ ఇన్‌స్ట్రక్షన్ అన్న ఎక్సెప్షన్, కోడ్ సి0000096, వస్తుంది. కెర్నల్ డ్రైవర్ ద్వారా వెళ్లాలి. ఇన్‌పౌట్32, 64 బిట్లకు ఇన్‌పౌట్ఎక్స్64 డీఎల్‌ఎల్‌లు ఆ పని చేస్తాయి. మొదటిసారి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే డ్రైవర్ చేరుతుంది. 64 బిట్ల ప్రోగ్రామ్‌కు 32 బిట్ల డీఎల్‌ఎల్ లోడవదు, పైథాన్ ఏ బిట్లదో ముందు చూసుకోండి. ఇలాంటి డ్రైవర్ ఏ ప్రోగ్రామ్‌కైనా హార్డ్‌వేర్ తలుపు తెరిచి పెడుతుంది కాబట్టి, ఇంటర్నెట్‌కు తగిలించని యంత్రంలోనే వాడమంటాను.

లినక్స్‌లో పీపీడెవ్ అనే డ్రైవర్ ఉంది: /డెవ్/పార్‌పోర్ట్0 తెరిచి, పీపీక్లెయిమ్, ఆపై పీపీడబ్ల్యూడేటాతో బైటు రాయడం, చివర పీపీరిలీజ్. ప్రింటర్ల ఎల్‌పీ మాడ్యూల్ లోడై ఉంటే ముందు దాన్ని దించండి. ఐఓపెర్మ్‌తో అనుమతి తీసుకుని నేరుగా ఔట్‌బీ కూడా వాడొచ్చు. కానీ లినక్స్ ఔట్‌బీలో ముందు విలువ, తర్వాత చిరునామా. విండోస్ ఔట్32లో, పాత డాస్ కంపైలర్ల ఫంక్షన్లలో ముందు చిరునామా. కోడ్ మోసుకొచ్చేటప్పుడు ఇది తిరగబడితే కంపైలర్ ఎర్రర్ చూపదు, ఏ రిలే కదలదు.

చిరునామా 378 అన్నది మదర్‌బోర్డు మీది పోర్టుకు. పీసీఐ కార్డు అయితే అది వేరే ఉంటుంది, డివైస్ మేనేజర్ రిసోర్సెస్ ట్యాబ్‌లోనో, లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ -వి ఆదేశంతోనో చూడాలి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్ కేబుల్ కొని మోసపోకండి. అది ప్రింటర్‌గానే కనబడుతుంది, దానికి పోర్టు చిరునామా ఉండదు, పిన్లను ఒక్కొక్కటిగా ఆడించడం దాంతో కాదు.

రిజిస్టర్లు మూడు. మొదటిది డేటా, 2 నుంచి 9 వరకు పిన్లు, బిట్ 0 పిన్ 2 మీద. తర్వాతి చిరునామా స్టేటస్, అంటే ఇన్‌పుట్‌లు: పిన్ 15 బిట్ 3, పిన్ 13 బిట్ 4, పిన్ 12 బిట్ 5, పిన్ 10 బిట్ 6, పిన్ 11 బిట్ 7. వీటిలో పిన్ 11 తిరగేసి కనబడుతుంది, చదివినదాన్ని హెక్స్ 80తో ఎక్స్ఆర్ చేస్తే (ఆ బిట్‌ను తిరగేస్తే) పిన్ల మీదున్న నిజం తెలుస్తుంది. మూడోది కంట్రోల్: పిన్లు 1, 14, 16, 17. అందులో 16 తప్ప మిగతా మూడూ తిరగేసినవే, రాసేముందు హెక్స్ 0బితో ఎక్స్ఆర్ చేయండి. 18 నుంచి 25 దాకా గ్రౌండ్. డేటా పిన్లను ఇన్‌పుట్‌గా వాడాలంటే కంట్రోల్ బిట్ 5ను 1 చేయాలి. బయాస్‌లో పోర్టు రెండు దిశల మోడ్‌లో ఉంటేనే అది పనిచేస్తుంది. మీకు ఔట్‌పుటే కాబట్టి ఆ బిట్ 0గానే ఉంచండి. అది 1 అయితే డేటా రాసినా పిన్ల మీదకు రాదు.

పిన్ నేరుగా రిలేను మోయలేదు. మధ్యలో యూఎల్‌ఎన్2803 (చిన్న సంకేతంతో ఎక్కువ కరెంటు నడిపే చిప్) పెట్టండి, ఎనిమిది డేటా లైన్లకు ఎనిమిది ఛానళ్లు సరిపోతాయి. దాని 10వ కాలును రిలే సరఫరా ధన వైపుకు కలపాలి, రిలే ఆగినప్పుడు పుట్టే వోల్టేజీని లోపలి డయోడ్లు అటు మళ్లిస్తాయి. ఆ ఒక్క తీగ మరిచిపోతే కొన్నాళ్లు పనిచేసి చిప్, ఒక్కోసారి దాంతో పాటు పోర్టు కూడా పోతాయి. రిలే సరఫరా గ్రౌండ్‌ను పోర్టుకు దూరంగా ఉంచాలనుకుంటే మధ్యలో ఆప్టోకప్లర్లు (తీగ కలపకుండా కాంతితో సంకేతం దాటించే చిప్‌లు) వేయండి. మోటారో హీటరో నడిపే బోర్డయితే అవి లేకుండా వాడొద్దు.

ఇంకో సంగతి, ఇది భద్రతకు సంబంధించింది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు బయాస్, తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ ప్రింటర్ కోసం వెతుకుతూ ఈ పిన్లను ఇష్టమొచ్చినట్టు కదిలిస్తాయి. ఆ కొద్ది సెకన్లలో రిలేలు పడి లేస్తాయి. మీ ప్రోగ్రామ్ వేలాడితే చివరి విలువ పిన్ల మీద అలాగే నిలిచి ఉంటుంది, హీటర్ కాలుతూనే ఉంటుంది. సీఎన్‌సీ బోర్డుల్లో దీనికి వాడే ఉపాయం ఛార్జ్ పంప్. ఒక పిన్ మీద ప్రోగ్రామ్ ఆగకుండా పల్సులు పంపుతుంటేనే ఒక కెపాసిటర్ నిండి రిలేల సరఫరా నిలబడుతుంది, పల్సులు ఆగగానే అంతా ఆఫ్.

ఆ పల్సులు తప్ప, కచ్చితమైన సమయంతో పనులు మామూలు విండోస్ నుంచి చేయాలనుకోకండి. అక్కడ స్లీప్ 1 అంటే 15 మిల్లీసెకన్లు కూడా పట్టొచ్చు. రిలేలకు పర్వాలేదు, స్టెప్పర్ మోటార్లకు పనికిరాదు.

ఉన్న బోర్డును నడపడానికి పైదంతా సరిపోతుంది. కొత్తగా చేస్తుంటే మాత్రం ప్యారలల్ పోర్టు ఎంచుకోకండి. యూఎస్‌బీ ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు అదే యూఎల్‌ఎన్2803 తగిలించి, దానికి సీరియల్‌లో 4 బైట్ల ఫ్రేము పంపండి: 02, రిలే బిట్లు, వాటి తిరగేసిన విలువ, 03. బోర్డు రెండో, మూడో బైట్లను పోల్చి, సరిపోతేనే రిలేలు మార్చి, అదే ఫ్రేమును తిరిగి పంపాలి. 1 సెకను పాటు సరైన ఫ్రేము రాకపోతే అన్ని రిలేలనూ అదే ఆపేయాలి. కంప్యూటర్ వైపు 200 మిల్లీసెకన్లకోసారి ఫ్రేము పంపుతూ, జవాబు వరుసగా మూడుసార్లు రాకపోతే ఆపరేటర్‌కు చెప్పండి. డ్రైవర్ సంతకాలు, పీసీఐ చిరునామాల గొడవ ఉండదు, కాటా కోసం రాసిన బఫర్ కోడే ఇక్కడా పనికొస్తుంది.